కదిలిన ఫోటో

జూన్ 18

పిల్లను ఇంటికి తెచ్చాం. బావమరిది తన కారు ముందు సీటు వెనక్కి వాల్చి, దిండ్లు సర్ది పెట్టాడు. ఆసుపత్రి వరండా నుంచి కారు దాకా, కారు నుంచి గది దాకా ఎత్తుకున్నది నేనే. నా గడ్డం ఎత్తున పెట్టిన హైజంప్ బార్ మీంచి నవ్వుతూ దూకే పిల్ల. పదిహేడేళ్లు. ఎత్తుకుంటే ఏమంత బరువు లేదు.

"నాన్నా, నడుం జాగ్రత్త. ఇంట్లో ఒకళ్లం మంచం ఎక్కితే చాలు" అంది.

నవ్వాను. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు మరి.

జ్వరం వచ్చింది, వారం ఉంది, పోయింది. పోతూ పోతూ రెండు కాళ్లూ పట్టుకుపోయింది. వెన్నులో నరాలు వాచాయట. ఎవరి తప్పూ కాదట. తిట్టుకోవడానికి ఒక్క మనిషయినా లేకపోతే ఎలా? డాక్టరమ్మ చెప్పినదాంట్లో నాకు కావలసిన ముక్క ఒక్కటే. తిరిగొచ్చేదయితే ముందు కాలి వేళ్లలో సన్నటి కదలిక కనిపిస్తుంది, వానాకాలం వెళ్లేలోపు కనిపిస్తే ఆశ ఉన్నట్టు, అంది. కనిపించకపోతే ఏమిటో కూడా చెప్పింది. అది మా ఆవిడ విన్నది. నేను వినలేదు.

ముందుగది గోడ మీద పెద్ద ఫోటో ఉంది. బార్ మీద వెల్లకిలా వంగి, గాల్లో ఉంది పిల్ల. జడ కూడా గాల్లోనే ఉంది. అక్కడికి రాగానే ఆగమంది. నా చేతుల్లోంచే తల ఎత్తి చూసింది.

"దీనికి షట్టర్ స్పీడెంత పెట్టావు నాన్నా?"

"పదహారు వందలు." అంటే సెకనులో పదహారువందలో వంతు. అది దానికీ తెలుసు.

"ఇప్పుడు నాకు ఏ స్పీడయినా సరిపోతుందిలే."

మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. చాలాసేపు నీళ్ల చప్పుడే వినిపించింది.

జూన్ 19

"మిడతా" అని పిలవబోయి ఆగాను. నడక రాకముందే మంచం మీంచి దూకింది కనక నేను పెట్టిన పేరు. నోట్లోనే ఉండిపోయింది. "అమ్మా" అన్నాను. అది నా వంక వింతగా చూసింది.

జూన్ 25

స్టూడియోకి వెళ్లక తప్పలేదు. ఒక స్కూల్లో ఆటల పోటీలు. ఏళ్ల తరబడి నేనే తీస్తున్నాను. బావమరిదిని ఒక్కణ్ణే పంపితే వాడికి టీ ఎక్కడ దొరుకుతుందన్నదే ముఖ్యం, పిల్లలు ఎక్కడ పరిగెడుతున్నారన్నది కాదు.

పరుగుకి వెయ్యి. దూకడానికి పదహారు వందలు. నా కెమెరా ముందుకొచ్చిన పిల్ల ముక్కు మీద చెమట చుక్కతో సహా గాల్లో ఆగిపోవలసిందే. కదిలిన ఫోటో అంటే నాకు ఒళ్లు మంట. స్పీడు చాలకపోయి ఉండాలి, లేదా తీసినవాడికి బుద్ధి చాలకపోయి ఉండాలి. అలాంటిది కనిపిస్తే అక్కడికక్కడే డిలీట్ కొట్టేస్తాను. బావమరిది "ముఖం బాగానే ఉందిగా బావా, చెయ్యే కదా చెదిరింది" అంటుంటే వాడు చూస్తుండగానే కొట్టేస్తాను.

ఈ రోజు హైజంప్ వైపు వెళ్లలేదు. వాణ్ణి పంపాను. ఎందుకని అడగలేదు. నోరు మూతపడని మనిషి నోరు మూసుకుని వెళ్లేసరికి నాకు ఇంకా బాధేసింది.

జూన్ 26

పొద్దున వేళ్లు చూశాను. మధ్యాహ్నం చూశాను. సాయంత్రం ఎడమ బొటనవేలు కదిలినట్టు అనిపించింది. మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ చూసి, పిల్ల కాళ్ల మీద దుప్పటి కప్పింది.

జూన్ 30

నిన్న బహుమతుల సభకి బావమరిది వెళ్లాడు. చీకటి హాలు, ట్రైపాడ్ మీద గ్రూపు ఫోటో. మహానుభావుడు డయల్ ఎక్కడుందో చూసుకోకుండా సెకను పాటు షట్టర్ తెరిచిపెట్టి నొక్కాడు. తిట్టడానికి సిద్ధమై కంప్యూటర్లో తెరిచాను. చిత్రంగా అందరూ బొమ్మల్లా బిగుసుకుని స్పష్టంగానే ఉన్నారు. ముందు వరసలో హెడ్మాస్టరు గారి కుడి బూటు మాత్రం పొగలా ఉంది. కాలు ఆడించారన్నమాట. ఆయనకే తెలిసి ఉండదు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ చూసి ఉండరు. కెమెరా చూసింది.

డిలీట్ కొట్టలేదు. ఆ బూటు వంక అలా చూస్తూ కూర్చున్నాను.

"ఏంటి బావా, తిట్లు అయిపోయాయా?" అన్నాడు వాడు.

మనిషి కంటికి అందని కదలిక. అది కదా నాకు కావలసింది.

జూలై 1

మంచం పక్కన ట్రైపాడ్ వేశాను. కర్టెన్లు మూశాను, లేకపోతే వెలుగు ఎక్కువై ఫోటో తెల్లగా పోతుంది. ఫ్యాన్ ఆపాను. డయల్ ఎస్ మీద పెట్టి స్పీడు అంకె తగ్గిస్తూ వచ్చాను. వెయ్యి, ఐదొందలు, అరవై, ఎనిమిది, ఒకటి. ఇన్నేళ్లలో నా వేళ్లు ఆ వైపు ఇంత దూరం తిరగలేదు. నాలుగు సెకన్ల దగ్గర ఆపాను. ఫ్రేములో రెండు పాదాలు, కింద దుప్పటి, పక్కన మంచం ఇనప చట్రం. చట్రం గీతల్లా స్పష్టంగా ఉండి వేలు ఒక్కటే చెదిరితే, కెమెరా కదల్లేదు, వేలే కదిలిందని అర్థం. ఇందులో మోసం ఉండదు.

"వేలు కదపాలని గట్టిగా తలుచుకో అమ్మా."

"పరీక్షల ముందు దేవుణ్ణి కూడా ఇంత గట్టిగా తలుచుకోలేదు నాన్నా."

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "వీడియో తీయొచ్చుగా?" అంది. వీడియోలో వెంట్రుకవాసి కదలిక వచ్చి పోతుంది, కన్ను పట్టుకోలేదు. ఇక్కడయితే నాలుగు సెకన్లలో జరిగిందంతా ఒకేచోట మచ్చలా పడుతుంది. చెప్పాను. ఆవిడ నన్ను చూసిన చూపులో మెచ్చుకోలు లేదు.

ఫోటో పెద్దది చేసి చూశాను. గోటి మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఇంత షార్ప్ ఫోటో నా జన్మలో తీయలేదు.

జూలై 2

షార్ప్.

జూలై 3

షార్ప్.

జూలై 5

ఆరు సెకన్లు పెట్టాను. షార్ప్.

కదిలిన ఫోటో కోసం ఎదురుచూసే ఫోటోగ్రాఫర్ని లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

జూలై 9

పొద్దుటి నుంచీ వాన. వానాకాలం చాలా పెద్దది. ఇప్పుడేగా మొదలైంది.

పిల్ల అడిగింది. "రోజూ కాళ్లే తీస్తావు. నాకు ముఖం కూడా ఉంది నాన్నా."

"కాళ్లు బాగయ్యాక తీస్తా. నిలబెట్టి తీస్తా."

"మరి నన్ను మిడతా అని పిలవట్లేదేం?"

"పెద్దదానివయ్యావుగా."

"ఎప్పుడూ? పోయిన నెల్లోనా?"

లెన్సు తుడవవలసిన పని గుర్తొచ్చింది. తుడిచాను. అప్పటికే శుభ్రంగా ఉంది.

జూలై 12

షార్ప్. ఫోటో పడగానే నేను స్క్రీన్ చూస్తాను. అది తన కాలు వంక చూడదు, నన్ను చూస్తుంది. ఇదెందుకు రాశానో తెలీదు.

జూలై 16

కదిలింది.

కదిలింది! చట్రం గీత గీసినట్టుంది. పాదం అంచు, బొటనవేలు, పక్క వేలు, అన్నీ పొగమంచులా మెత్తబడ్డాయి. మళ్లీ మళ్లీ పెద్దది చేసి చూశాను. కళ్లద్దాలు తీసి చూశాను, పెట్టుకుని చూశాను. ఫ్యాన్ ఆపే ఉంది. ట్రైపాడ్‌ని నేను ముట్టుకోలేదు, టైమర్ మీద తీశాను. పాదం దగ్గర దుప్పటి మడత కూడా కాస్త చెదిరింది. కాలు కదిలితే కింద దుప్పటి కదలదా మరి.

కెమెరా పట్టుకుని గదిలోనే గంతులేశాను. ఈ వయసులో, ఈ పొట్టతో.

పిల్ల నన్ను చూసి నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అలా నవ్వడం ఇదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ ముఖం అటు తిప్పుకుంది. ఆనందం పట్టలేక ఏడుస్తోందనుకున్నాను. నేనూ ఏడ్చాను.

జూలై 17

ప్రింటు తీశాను. స్టూడియోలో ఉన్న పెద్ద కాగితం మీద. బావమరిది దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "బావా, ఇది నువ్వు తీసిన ఫోటోయేనా?" అన్నాడు. తర్వాత వాడికి తట్టింది. కౌగిలించుకున్నాడు. వీధి వీధంతా వినపడేలా టీలు చెప్పాడు.

మా ఆవిడే ఆనందించలేదు. "నాకు చూపించకండి. డాక్టరమ్మకి చూపించండి" అంది. తర్వాత పిల్ల పక్క సర్దుతూ, "దుప్పటంతా ఒక పక్కకి లాగేశావేంటే?" అని కసిరింది. ఇంత మంచి రోజున కసరడానికి దుప్పటే దొరికింది ఆవిడకి.

ఈ ఇంట్లో నమ్మకం నాకొక్కడికే ఉండాలా?

జూలై 19

డాక్టరమ్మ ఫోటో చూసింది. మర్యాదగా చాలాసేపే చూసింది. తర్వాత చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టింది. సూదితో గుచ్చింది.

"తెలుస్తోందా?"

"లేదు" అంది పిల్ల.

"ఇక్కడ?"

"లేదు."

"వేలు కదుపమ్మా."

గదిలో అందరం ఆ వేలినే చూశాం. గోడ మీద బల్లి కూడా చూసి ఉంటుంది. వేలు కదల్లేదు.

"ఒక్కోసారి కండరం దానంతటదే అదురుతుందండీ. అది వేరు, మనం అనుకుని కదపడం వేరు" అందావిడ.

"అదురు కాదు మేడమ్. నేను ఈ పనిలోనే తల నెరిసినవాణ్ణి. కదలిక ఏదో, అదురు ఏదో నాకు తెలీదా? నా కూతురు కదిపింది. మీ సుత్తికి తెలియకపోవచ్చు, నా కెమెరాకి తెలుసు. అది అబద్ధం చెప్పదు. నా కూతురూ చెప్పదు." ఇంకా చాలా అన్నాను. గొంతు పెద్దదయినట్టుంది, బయట కూర్చున్నవాళ్లు లోపలికి తొంగి చూశారు.

పిల్ల కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

రేపు పెద్ద లెన్సు పెడతాను. ఎనిమిది సెకన్లు. అప్పుడు ఏమంటుందో చూద్దాం.

జూలై 20

రాయాలి. రాయకపోతే రేపు ఇది జరగలేదనుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

ఎనిమిది సెకన్లు. కదిలింది. మొన్నటికంటే బాగా కదిలింది. "చూడు! చూడు!" అని ఫోన్ అందుకున్నాను, డాక్టరమ్మకి చేద్దామని.

"నాన్నా, ఫోన్ పెట్టెయ్."

"ఉండమ్మా, ఒక్క..."

"పెట్టెయ్ నాన్నా. దుప్పటి నేను లాగాను."

అర్థం కాలేదు. చూపించింది. తొడ కిందికి చెయ్యి పోనిచ్చి, దుప్పటి అంచు పట్టుకుని మెల్లిగా లాగింది. ఆ చివర పాదం దుప్పటితో పాటు కాస్త జరిగింది. వదిలింది. ఆగింది.

"ఇలా. ఇవాళా, ఆ రోజూ."

ఎందుకని అడిగానో లేదో గుర్తు లేదు. తనే చెప్పింది.

"ఫోటో పడగానే స్క్రీన్ చూసి తల దించుకుంటావు కదా నువ్వు. రోజూ. మళ్లీ తల ఎత్తి నవ్వుతావు, నాకోసం. కాళ్లు పోయాయంటే సరే, పోయాయి నాన్నా. అది చూడ్డం నావల్ల కావట్లేదు. ఒక్కరోజు నువ్వు నిజంగా నవ్వాలనుకున్నా. అంతే. ప్రింటు తీస్తావనుకోలేదు. డాక్టర్ దాకా వెళ్తావనుకోలేదు."

"మరి ఇవాళ?"

"నా కూతురు అబద్ధం చెప్పదు అని అరిచావుగా అక్కడ. అంతమందిలో. ఇంకెలా చెప్పను? అందుకే మళ్లీ లాగాను. లాగాక... ఇంక చాతకాలేదు."

దానికి ఏడుపు రాలేదు. అప్పటికే ఏడ్చేసి ఉన్నట్టుంది, మాకెవరికీ తెలియకుండా ఎప్పుడో.

నేను అరవలేదు. దగ్గరికి కూడా తీసుకోలేదు, తీసుకోవలసింది. ట్రైపాడ్ కాళ్లు మడిచాను. ఒకటి, రెండు, మూడు. సంచిలో పెట్టి అటక మీద పడేశాను. కర్టెన్లు తీశాను. ఫ్యాన్ వేశాను.

కదలని కాళ్లతో మంచం మీదున్న పిల్ల, నడుస్తూ తిరుగుతున్న నన్ను ఓదార్చడానికి దొంగతనంగా దుప్పటి లాగవలసి వచ్చింది. నా గుండె పగిలిపోయింది. ఇంతకంటే వేరే మాట నాకు రాదు.

జూలై 21

ఏమీ లేదు.

జూలై 27

వారమంతా పెళ్లి ఆల్బం పని ఉందని స్టూడియోలోనే ఉన్నాను. పని లేదు. బావమరిదికి తెలుసు. ఈ రోజు కెమెరా సంచి నా ఒళ్లో పెట్టి, "ఇంటికి పో బావా. ఇక్కడ నువ్వు తుడిచిన అద్దాలు మళ్లీ తుడుస్తుంటే నాకు పని లేకుండా పోతోంది" అన్నాడు.

వచ్చాను. పిల్ల నిద్రపోతోంది. మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. పక్కన కూర్చుని నేనూ మడతపెట్టాను. ఆవిడ నేను మడతపెట్టినవి విప్పి మళ్లీ మడతపెట్టింది.

"దుప్పటి సంగతి నీకు ముందే తెలుసా?"

"పక్క మార్చేది నేనేగా."

"చెప్పలేదేం?"

"మీరు గంతులేస్తున్నారు. ఎలా చెప్పనూ?" ఇంకో రెండు మడతలు పెట్టింది. "ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది మీరు సగమే విన్నారు. మిగతా సగం చెప్పనా?"

"చెప్పు."

చెప్పింది. కదలిక కనిపించకపోతే కాళ్లు రావు. వస్తాయని కూర్చుంటే పిల్ల మంచానికి అంటుకుపోతుంది. చక్రాల కుర్చీలో తిరగడం, కుర్చీలోంచి మంచం మీదికి తనంతట తను మారడం, త్వరగా నేర్పితే అంత మంచిది. చదువుకుంటుంది, పని చేసుకుంటుంది, బతుకుతుంది. దూకదు. అంతే.

ఈసారి విన్నాను. ఆవిడ నెల పైగా ఒక్కతే మోసింది దీన్ని. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని స్టాంపులమ్ముతూ, ఇంటికొచ్చి నా షార్ప్ ఫోటోలు చూస్తూ. ఇద్దరం ఏడ్చాం. తలుపు కూడా వేసుకోలేదు.

జూలై 28

కుర్చీకి చెప్పాను.

దాని దగ్గర కూర్చుందామని గదిలోకి వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలియక వాన గురించి మాట్లాడాను. "అవును నాన్నా, వాన" అంది. వానలు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఎన్ని రోజులు పడతాయో చూసుకోవడం మానేశాను. మానేశానని రాస్తున్నాను గానీ, పొద్దున లేవగానే చూసేది కిటికీనే, తర్వాత దాని కాలినే.

ఆగస్టు 3

కుర్చీ వచ్చింది. బావమరిది ముందు తను ఎక్కి వరండాలో రెండు చక్కర్లు కొట్టి, గుమ్మానికి గుద్దుకుని, "బ్రేకులు బాగా లేవు, మార్పించాలి" అన్నాడు. పిల్ల పగలబడి నవ్వింది. మంచం మీంచి కుర్చీలోకి నేను ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. వాళ్లమ్మ చెప్పినట్టు చేతుల మీద ఊనుకుని, పళ్లు బిగబట్టి, జరిగింది. ముఖమంతా చెమట. ముక్కు మీద చుక్క. అది నాకు తెలిసిన ముఖమే, బార్ ముందు నిలబడ్డప్పుడు ఉండే ముఖం.

ముందుగదిలోకి తనే తోసుకెళ్లింది. గోడ మీది ఫోటో కింద ఆగింది. తీసెయ్యమంటుందేమోనని నిలబడ్డాను. అనలేదు.

"కెమెరా ఇయ్యి నాన్నా."

ఇచ్చాను. బెల్టు మెడలో వేసుకుంది. డయల్ చూపించాను. ఎస్ మీద పెడితే స్పీడు మన చేతిలో ఉంటుంది, మిగతాది కెమెరా చూసుకుంటుంది అన్నాను. అంకెలు తిప్పుతూ పోయింది.

"ఒకటి పక్కన ఈ రెండు గీతలేంటి?"

"అవి ఉంటే సెకను భాగం కాదు, నిండు సెకను. రెండు అంటే రెండు సెకన్లు."

"నాలుగు పెడతా. నువ్వు వెళ్లి నా మంచం మీద కూర్చో."

"నాలుగంటే చేత్తో పట్టుకుని..."

"చేత్తో కాదు. బల్ల మీద పెట్టి. నాకన్నీ తెలుసు, ఇన్ని రోజులు చూళ్లేదా? వెళ్లు."

గదిలోకి వెళ్లి దాని మంచం మీద కూర్చున్నాను. కాళ్లు కిందికి వేలాడేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని. అది వెనకే వచ్చి, బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కెమెరా సర్దింది. కర్టెన్ వేయమంది వాళ్లమ్మని. ఫ్యాన్ ఆపమంది. మా ఆవిడ రెండూ చేసి తలుపు దగ్గర నిలబడింది.

"కదలకు నాన్నా."

కదల్లేదు. ఊపిరి బిగబట్టాను. షట్టర్ తెరుచుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. దాని ముఖం నాకు ఎదురుగా, కెమెరా పక్కన. అది కెమెరాని చూడ్డం లేదు, నన్నే చూస్తోంది. ఇన్నాళ్లూ ఆ మంచం మీంచి నన్ను ఎలా చూసిందో అలాగే. నాలుగు సెకన్లు చాలా పెద్దవి. దానికి రోజూ ఇంత పెద్దవిగానే ఉండేవన్నమాట. షట్టర్ చప్పుడుతో మూసుకుంది.

స్క్రీన్ చూసింది. చాలాసేపు చూసింది. కుర్చీ తోసుకుంటూ వచ్చి నాకు చూపించింది.

మంచం చట్రం గీత గీసినట్టుంది. దుప్పటి నేత కనిపిస్తోంది. కింద నా రెండు పాదాలు, గోళ్లతో సహా, షార్ప్. పైన నా ముఖం లేదు. నుదురు నుంచి గడ్డం దాకా పొగ. నేను ఏడవలేదనుకున్నాను.

"కదిలిపోయావు నాన్నా" అంది. బొటనవేలు బటన్ మీద పెట్టింది. "డిలీట్ కొట్టనా?"

"వద్దు" అన్నాను. "ఉంచు మిడతా."